పద్దెనిమిది కార్డుల వసంతం: ప్రాజెక్టు డైరీ

2025 జనవరి 19, ఆదివారం

పని మొదలుపెట్టాను. జపాన్ పాత పంచాంగంలో వసంతానికి వచ్చే 18 పేర్లను తెలుగులోకి తెచ్చుకుని, పోస్టుకార్డు సైజు చేతికాగితం మీద ఒక్కోటీ ఒక్కో కార్డుగా రాసి, హాల్లో తాడు కట్టి వేలాడదీయాలి. ప్రతి కార్డు అడుగున రెండు గళ్లు. మొదటి గడిలో పంచాంగం చెప్పిన తేదీ, ఇంకుతో. రెండో గడి ఖాళీ. ఆ పేరులో ఉన్న సంగతిని నేను కళ్లారా చూసిన రోజున, లేదా చెవులారా విన్న రోజున, అక్కడ పెన్సిల్‌తో తేదీ వేస్తాను. చూడకపోతే గడి ఖాళీగానే ఉండిపోతుంది.

కొత్తగా చదివేవాళ్ల కోసం కొంచెం వివరం. సూర్యుడు ఏడాదిలో చుట్టివచ్చే 360 డిగ్రీలను 15 చొప్పున కోస్తే 24 ముక్కలు. వాటిని ‘నిజూషి సెక్కి’ అంటారు. ఒక్కో సెక్కిని మళ్లీ మూడు చేస్తే 72. అవి ‘షిచిజూని కో’. అంటే ఒక్కో కో సుమారు ఐదు రోజులు. ఈ లెక్క చైనా నుంచి వచ్చింది. 862లో తెచ్చుకున్న చైనా పంచాంగాన్నే జపాన్ 823 ఏళ్లు వాడింది. ఆఖరికి అది ఆకాశానికి రెండు రోజులు ఎడమైపోయింది. దాన్ని సరిచేసినవాడు షిబుకవా షుంకాయ్. 1639లో ‘గో’ అనే పలక ఆట ఆడేవాళ్ల ఇంట్లో పుట్టి, నక్షత్రాల లెక్కల్లో పడి, 1685లో అమల్లోకి వచ్చిన జోక్యో పంచాంగం తయారుచేశాడు. చైనా వాతావరణానికి రాసిన 72 పేర్లను జపాన్ నేలకు తగ్గట్టు తిరగరాసిందీ ఆయనే. ఇప్పుడు అందరూ వాడే జాబితా 1874లో అచ్చయినది.

నేను ఇందులో పడింది చరిత్ర కోసమైతే కాదు. పోయినేడాది జనవరి ఆఖర్న మా బాబు స్కూలు నుంచి వచ్చి, బ్యాగు కూడా దించకుండా, “అమ్మా, ఇవాళ్టి నుంచి కోడి పొదుగుకి కూర్చుంటుందట” అన్నాడు. టోక్యోలో ఎడొగావా వార్డు, నిషి-కసాయ్. చుట్టూ అపార్ట్‌మెంట్లు. కోడి ఎక్కడుంది! తీరా చూస్తే అది చలికాలపు ఆఖరి కో పేరు. ఆ రాత్రి 72 పేర్లూ కూర్చుని చదివాను. చైత్రం, వైశాఖం లాంటి పేర్లు ఒక్కటీ లేవు. ప్రతిదీ ఒక చిన్న వాక్యం, ప్రతిదాంట్లో ఒక క్రియ. గాలి మంచును కరిగిస్తుంది. పురుగు తలుపు తీస్తుంది. పిచ్చుక గూడు కడుతుంది. పేరు అడిగితే జరుగుతున్న పని చెప్పే పంచాంగం ఇది. దాన్ని తెలుగులో రాసుకుని గోడకు పెట్టుకోవాలని అప్పుడే అనిపించింది. చేతులు కదలడానికి ఏడాది పట్టింది.

జనవరి 25, శనివారం

తేదీలు అచ్చు పుస్తకాల్లోంచి ఎత్తి రాయకుండా నేనే లెక్క కట్టాలనుకున్నాను. సూర్యుడి స్థానం చెప్పే చిన్న పైథాన్ స్క్రిప్టు రాసుకున్నాను. 315 డిగ్రీలకు చేరిన క్షణం రిష్షున్, అంటే వసంతారంభం. అక్కడి నుంచి ప్రతి 5 డిగ్రీలకూ ఒక కో.

మొదటిసారి నడిపితే రిష్షున్ ఫిబ్రవరి 3 మధ్యాహ్నం 2:10 అని వచ్చింది. జపాన్ జాతీయ ఖగోళ పరిశీలనాలయం ముందటి ఫిబ్రవరిలోనే ప్రకటించిన పట్టికలో చూస్తే రాత్రి 11:10 అని ఉంది. తొమ్మిది గంటల తేడా. అంతర్జాతీయ సమయాన్ని జపాన్ సమయంలోకి మార్చడం మర్చిపోయాను. రిష్షున్‌కి తేదీ మారదు కాబట్టి పట్టికతో పోల్చకపోయుంటే దొరికేది కాదు. ఏప్రిల్‌లో వచ్చే కొకూ సెక్కి మాత్రం 20వ తేదీ తెల్లవారుజామున 4:56కి మొదలవాల్సింది, నా తప్పు లెక్కలో 19న పడేది. సరిచేశాక ఆరు సెక్కిలూ నిమిషం అటూ ఇటూగా కలిశాయి.

ఈ పనిలో ఒక మంచి సంగతి తెలిసింది. ముక్కలన్నీ 15 డిగ్రీలే అయినా రోజులు సమానం కావు. భూమి జనవరిలో సూర్యుడికి దగ్గరగా ఉండి వేగంగా తిరుగుతుంది కాబట్టి ఈ కాలపు సెక్కిలు పొట్టి, వేసవివి పొడుగు. పాతరోజుల్లో ఏడాదిని కాలంలోనే 24 సమాన భాగాలు చేసేవాళ్లు. 1844 నాటి తెన్పో పంచాంగంతో డిగ్రీల పద్ధతికి మారారు. పాత పద్ధతిలో ఈసారి విషువత్తు ఎప్పుడొస్తుందా అని చూస్తే మార్చి 23 వచ్చింది. నిజానికి పగలూ రాత్రీ దాదాపు సమానమయ్యే విషువత్తు 20నే.

నాన్నకి ఫోన్లో ఇదంతా చెప్పాను. ఆయన కోనసీమలో వరి పండించే మనిషి. అంతా విని, “అయితే అవి వాళ్ల కార్తెలన్నమాట” అన్నారు. ఏడాదిగా ఈ 72తో తిరుగుతున్నాను, నాకు తట్టలేదు. మన కార్తెలూ సూర్యుణ్ణి పట్టుకుని నడిచేవే. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజులు ఒక కార్తె, అలా 27. తేడా ఒక్కటే. మనది నక్షత్రాలకు కట్టిన తాడు, వీళ్లది విషువత్తుకు కట్టిన తాడు. అందుకే కార్తెలు సుమారు 70 ఏళ్లకు ఒక రోజు చొప్పున రుతువుల మీద నుంచి జరుగుతూ ఉంటాయి, ఇవి జరగవు.

ఫిబ్రవరి 3, సోమవారం, రాత్రి

నిన్న సెత్సుబున్. వసంతానికి ముందురోజు. సాధారణంగా ఫిబ్రవరి 3న వచ్చేది ఈసారి 2న వచ్చింది. 2021లో ఇలా వచ్చినప్పుడు, 1897 తర్వాత 124 ఏళ్లకు వచ్చిందని అందరూ చెప్పుకున్నారు. నాలుగేళ్లకే మళ్లీ వచ్చింది. ఏడాది సరిగ్గా 365 రోజులు కాకపోవడం వల్ల రిష్షున్ క్షణం ఏటా దాదాపు ఆరు గంటలు ముందుకు జరిగి, లీపు ఏడాది తర్వాతి ఏడు వెనక్కొస్తుంది. ఈసారి అర్ధరాత్రికి 50 నిమిషాల ముందు ఆగింది.

వేయించిన సోయా గింజలు గుమ్మంలో నుంచి బయటికి విసురుతూ బాబు “ఓని వ సొతో, ఫుకు వ ఉచి” అని అరిచాడు. దయ్యం బయటికి, భాగ్యం లోపలికి అని. వయసెంతో అన్ని గింజలు తినాలి కాబట్టి ఏడు లెక్కపెట్టుకుని తిన్నాడు. కింది ఇంటి పెద్దావిడ తలుపు పక్కన ముళ్ల ఆకుల కొమ్మ, దానికి గుచ్చిన కవళ్లు చేప తలకాయ. ఆ వాసనకీ ఆ ముళ్లకీ దయ్యం రాదట. మా ఊళ్లో గుమ్మానికి గుమ్మడికాయ కట్టినట్టే.

ఇవాళ రాత్రి 11:10కి బాల్కనీలో నిలబడ్డాను. ఆకాశంలో ఏ మార్పూ కనిపించదని తెలుసు. అయినా ఆ నిమిషం బయట ఉండాలనిపించింది. చలి బాగా ఉంది. లోపలికొచ్చి మొదటి కార్డుకి చిత్తు రాశాను: ‘తూరుపు గాలి మంచుగడ్డను కరిగిస్తుంది.’ రాతలో తూర్పుగాలి అనే ఉంటుంది, చదవడం మాత్రం ‘హరుకజే’, వసంతపు గాలి అని.

ఫిబ్రవరి 8, శనివారం

రెండు దెబ్బలు.

ఒకటి, గాలి మంచును కరిగించే కో అయిపోవస్తోంది, బాల్కనీ బకెట్‌లో నీళ్లు పొద్దున్నే గడ్డకట్టి ఉన్నాయి. వసంతం మొదలైన మర్నాటి నుంచే చలి ఇంకా గట్టిగా కొట్టింది. పెన్సిల్ గడి ఖాళీ.

రెండోది కాగితం. చేతికాగితం మీద బ్రష్ పెన్‌తో రాశాను. జపాన్ అక్షరాలకు తట్టుకున్న కాగితం మన అక్షరాల దగ్గర లొంగిపోయింది. తెలుగులో వంపులెక్కువ, కలం ఒకేచోట తిరుగుతుంది, ఇంకు అక్కడే ఊరుతుంది. ‘గడ్డ’లో డ వత్తు నల్లటి మచ్చయింది. సున్నాలన్నీ పూడిపోయాయి. ఆరు కార్డులు పాడయ్యాక బొమ్మల సామాన్ల కొట్టులో అడిగితే, ముందు ‘దోసా’ పూయాలన్నారు. పటిక, జంతువుల జిగురు కలిపిన నీళ్లు. కాగితం పీచుల మధ్య సందులు మూసి ఇంకు పాకకుండా ఆపుతుంది. పేరు వినగానే బాబు, “అయితే కొబ్బరి చట్నీ కూడా కొందాం” అన్నాడు. వెడల్పు బ్రష్‌తో పల్చగా ఒక పూత పూసి, బట్టల క్లిప్పులకు తగిలించి ఆరబెట్టాను. మర్నాటికి కాగితం కొంచెం బిరుసెక్కుతుంది. వేలితో మీటితే పలచటి చప్పుడొస్తే పూత కుదిరినట్టు. గట్టిగా మోగితే పూత ఎక్కువైందని, రంగు పట్టదని చెప్పారు.

ఫిబ్రవరి 11, మంగళవారం, సెలవు

రెండో కో: ‘ఉగుయిసు పాడుతుంది.’ తెలుగు కార్డు మీద ఏం రాయాలి? కోయిల అని రాయాలని చెయ్యి లాగింది. వసంతంలో కోయిలకు మనం ఇచ్చే చోటే ఇక్కడ ఉగుయిసుది. కానీ అది వేరే పిట్ట. పిచ్చుకంత ఉంటుంది, పొదల్లో దాక్కుంటుంది, రంగు మాసిన ఆకుపచ్చా గోధుమా కాని రంగు. పైగా ఇక్కడి హొతొతొగిసు అనే కోకిల జాతి పిట్ట తన గుడ్లు ఉగుయిసు గూట్లోనే పెడుతుంది, మన కోయిల కాకి గూట్లో పెట్టినట్టు. అంటే కోయిల అని రాస్తే గూడు కట్టిన దాని పేరు తీసేసి గూట్లో దూరినదాని పేరు పెట్టినట్టవుతుంది. ఉగుయిసు అనే రాశాను.

పొద్దున్నే కసాయ్ రింకాయ్ పార్కుకి వెళ్లాం. టోక్యో అఖాతం ఒడ్డున ఉంది, పక్షుల కోసం విడిచిన చిత్తడి నేల ఉంది. ఉమె (జపాన్ ప్లమ్) పూల చెట్టు మీద పచ్చగా మెరుస్తున్న పిట్టను చూసి పక్కనున్న కుటుంబం “ఉగుయిసు, ఉగుయిసు!” అని ఫోటోలు తీసుకుంది. కంటి చుట్టూ తెల్లటి ఉంగరం ఉంది. అది మెజిరో. పూలతేనె కోసం ఉమె చెట్టుకొచ్చేది ఇదే. అసలు ఉగుయిసు రెల్లు పొదల్లో “చట్, చట్” అంటోంది. పాట కాదది, చలికాలపు పిలుపు. పెన్సిల్ తీయలేదు.

ఇక్కడొక మాట రాయాలి. జపాన్ వాతావరణ సంస్థ 1953 నుంచి దేశమంతా ఉగుయిసు తొలిపాట ఎప్పుడు విన్నారో, వానకోవెల (ఇక్కడి ‘త్సుబమె’ పిట్ట) మొదటగా ఎప్పుడు కనిపించిందో రాసిపెట్టేది. 34 రకాల చెట్లూ మొక్కలూ, 23 రకాల జీవులు. నగరాల చుట్టూ వాటిని వెతకడం కష్టమైపోయి, 2021 నుంచి ఆరు మొక్కలు మాత్రం ఉంచి పిట్టల్నీ పురుగుల్నీ మొత్తం వదిలేసింది. ఆ తర్వాత జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ మామూలు జనం సాయంతో ఆ పని కొనసాగించడానికి పూనుకుంది. ఆ సంగతి చదివిన రోజు నాకు బాధేసింది. నా కార్డుల మీద రెండో గడి పెట్టింది అందుకే.

ఫిబ్రవరి 22, శనివారం

మూడో కో ‘చేప మంచులోంచి పైకొస్తుంది’ దాటిపోయింది. మా దగ్గర నది గడ్డకట్టదు, చూసేదేమీ లేదు.

ఇవాళంతా నాలుగో కార్డుతోనే సరిపోయింది. ఉసుయి సెక్కి మొదటి కో, ‘త్సుచి నో షో ఉరుఒయి ఒకొరు’. రాసేటప్పుడు ‘షో’ చోట రక్తనాళానికి వాడే అక్షరం ఉంటుంది. నేల నాడి తడిసి లేస్తుంది అని. చైనా పాత జాబితాలో ఇక్కడ నీటికుక్క తను పట్టిన చేపల్ని దేవుడికి పెట్టినట్టు వరసగా పేరుస్తుందని ఉండేది. జపాన్ వాళ్లు దాన్ని తీసేసి ఈ మాట పెట్టారు. వారం రోజుల్నుంచి రాస్తున్నాను. ‘భూనాడి ఆర్ద్రమగును’, ‘మన్ను తడిసి మేల్కొంటుంది’. ఏదీ నోటికి రావడం లేదు.

నాన్నకి ఫోన్ చేసి చదివి వినిపించాను.

“చలి తగ్గింది, వాన పడింది, గడ్డకట్టిన నేల మెత్తబడింది. అంతేనా అమ్మలూ?”

“అంతే నాన్నా.”

“మరి నేల పదునెక్కింది అనొచ్చుగా.”

కాసేపు ఏం మాట్లాడలేకపోయాను. పదును అంటే ఇన్నాళ్లూ నాకు కత్తి పదునే గుర్తొస్తోంది. నేల పదును మాట నేను పుట్టిన ఇంట్లో రోజూ వినపడిందే. మరీ తడిగా ఉంటే నాగలికి బంక పడుతుంది, మరీ ఎండితే గడ్డలు లేస్తాయి, ఆ రెంటికీ మధ్య నేల దున్నమని పిలిచే స్థితి అది. ఎలా చూస్తారని అడిగితే చెప్పారు: “జానెడు లోతు మట్టి తియ్యి. పిడికిలి బిగిస్తే ముద్దవ్వాలి. ఛాతీ ఎత్తు నుంచి వదిలితే పగిలిపోవాలి. పగలకపోతే ఇంకా తడెక్కువ. ముద్దే కాకపోతే పదును దాటిపోయింది.”

బాబూ నేనూ బాల్కనీలో కొమాత్సునా అనే ఆకుకూర తొట్టెలో పదిరోజులుగా ఎవరూ ముట్టని మూల మట్టి తీశాం. పైన రెండంగుళాలు పొడి, లోపల నల్లగా చల్లగా ఉంది. వాడి పిడికిలిలో ముద్దయింది. వేలి ముద్రలు నాలుగూ దాని మీద పడ్డాయి. ఛాతీ ఎత్తున పట్టుకుని వదిలాడు. న్యూస్‌పేపర్ మీద పడి మూడు పెద్ద ముక్కలూ బోలెడు పొడీ అయింది. ఒక ముక్కలోంచి గోరంత వానపాము బయటికొచ్చి, వెలుతురు తగలగానే ముడుచుకుంది. దాన్ని మట్టితో సహా తొట్టెలో పెట్టేశాం.

కార్డు మీద రాశాను: ‘నేల పదునెక్కుతుంది.’ పెన్సిల్ గడి: ఫిబ్రవరి 22. మొదటి పెన్సిల్ తేదీ ఇదే.

మార్చి 3, సోమవారం

హినమత్సురి, ఆడపిల్లల బొమ్మల పండుగ. దీన్నే పీచ్ పూల పండుగ అనీ అంటారు, కానీ బయట ఒక్క పీచ్ పువ్వు లేదు. కారణం 1873లో ఉంది. ఆ ఏడు జపాన్ కొత్త క్యాలెండర్‌కి మారినప్పుడు చాంద్రమాన మూడో నెల మూడో తేదీ పండుగను అంకెలు మార్చకుండా మార్చి 3కి తెచ్చిపెట్టారు. పండుగ నెల ముందుకొచ్చింది, చెట్టు రాలేదు. సెక్కిలు సూర్యుణ్ణి పట్టుకున్నవి కాబట్టి వాటికి ఈ ఇబ్బంది లేదు. పీచ్ కో 10న మొదలవుతుంది.

ఆ కో పేరు నాకు ఈ 18లో ఇష్టమైనది. ‘మొమో హజిమెతే సకు’ అని చదువుతారు, పీచ్ తొలిసారి పూస్తుంది అని. రాతలో మాత్రం పూయడం అన్న చోట నవ్వు అనే అక్షరం ఉంటుంది. హైకూల్లో కూడా వసంతపు కొండని ‘యమ వరావు’, కొండ నవ్వుతోంది అంటారు. తెలుగులో దీనికి కష్టపడక్కర్లేదు. మన దగ్గర పువ్వూ విచ్చుకుంటుంది, నవ్వూ విచ్చుకుంటుంది. ‘పీచ్ చెట్టు తొలినవ్వు నవ్వుతుంది’ అని రాశాను.

‘హజిమెతే’ అంటే తొలిసారి. 18 పేర్లలో ఆరింటిలో ఈ మాట ఉంది: మంచుతెర, పీచ్, పిచ్చుక, సకురా (చెర్రీ పువ్వు), ఇంద్రధనుస్సు, రెల్లు. అన్నిటికీ ‘తొలి’ వాడుతున్నాను. తొలకరి, తొలిచూలు, తొలికోడి అన్న మాటలతో పెరిగాం కాబట్టి ఇది చెవికి ఇట్టే అతుకుతోంది.

మార్చి 19, బుధవారం

పొద్దున మంచు పడింది. అది పడుతుండగా ఉరిమింది. నిజంగా ఉరిమింది. బాబు పరిగెత్తుకొచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఉరుము కో మొదలవడానికి ఇంకా పదకొండు రోజులుంది. ఇవాళ గోడ మీదున్న కార్డు ‘ఆకుపురుగు సీతాకోకచిలుక అవుతుంది’, దానికి ఇవాళే ఆఖరి రోజు. బయట చూస్తే తొట్టెలో కొమాత్సునా పూల మీద తెల్లగా మంచు.

ఉరుము కార్డుని ముందే తెచ్చి పెన్సిల్‌తో రాశాను: మార్చి 19, మంచులో.

మార్చి 22, శనివారం

కొమాత్సునా మా వార్డు కూర. కొమాత్సుగావా అనే ఊరి పేరు మీద వచ్చింది, ఆ ఊరు ఇప్పుడు ఎడొగావాలో భాగం. అక్టోబరులో విత్తనాలు వేసి సగమే కోసుకుని, మిగతాది ఈ కార్డు కోసమే వదిలేశాను. నవంబరులో తెల్ల సీతాకోకచిలుక గుడ్లు పెట్టింది, పచ్చపురుగులు ఆకుల్ని జల్లెడ చేశాయి. డిసెంబరులో ఒకటి తొట్టె అంచు కింద ప్యూపా అయింది. నడుముకి సన్నటి పట్టుదారం చుట్టుకుని, ప్లాస్టిక్‌కి అతుక్కుని, చలికాలమంతా కదలకుండా ఉంది. చచ్చిపోయిందేమో అని రెండుసార్లు అనుకున్నాను.

నిన్న సాయంత్రం దాని పెంకు పల్చబడి లోపల తెల్లటి రెక్కా, దాని మీద నల్ల చుక్కా కనిపించాయి. ఇవాళ ఎండ బాగా కాసింది. ఎనిమిది దాటాక వీపు దగ్గర చిట్లింది. ముందు కాళ్లు, తర్వాత తల, ఆ తర్వాత మొత్తం ఒక్కసారి జారి బయటపడింది. రెక్కలు తడిసిన కాగితంలా నలిగిపోయి ఉన్నాయి. ఖాళీ పెంకునే పట్టుకుని వేలాడుతుంటే మెల్లగా అవి కిందికి సాగాయి. ఒక చుక్క ద్రవం జారి నేల మీద పడింది. గంట దాటాక రెక్కలు ఒకసారి తెరిచి మూసింది, మళ్లీ తెరిచింది, రెయిలింగు దాటి వెళ్లిపోయింది.

చైనా జాబితాలో ఈ ఐదు రోజుల చోట ‘డేగ పావురం అవుతుంది’ అని ఉండేది. ఎవరూ చూడని దాన్ని తీసి, ఏ కూరమడి దగ్గరైనా చూడగలిగేదాన్ని పెట్టారు. ఈ పొద్దుటి పూట తర్వాత ఆ మార్పు ఎంత మంచిదో నాకు బాగా తెలిసింది. అయితే పాతవన్నీ తీసేయలేదు. జూన్‌లో ‘కుళ్లిన గడ్డి మిణుగురులవుతుంది’ అనేది ఇంకా ఉంది. అది ఉండడమూ నాకు ఇష్టమే.

పెన్సిల్: మార్చి 22. మూడు రోజులు ఆలస్యం.

మార్చి 30, ఆదివారం, ఉగాది

24న టోక్యోలో సకురా పూసిందని ప్రకటించారు. యాసుకుని గుడి ఆవరణలో ఒక గుర్తు చెట్టు ఉంది. దాని మీద ఐదారు పూలు విచ్చుకుంటే ఊరంతటికీ పూసినట్టు లెక్క. ఒక్క చెట్టుని నమ్మడానికి కారణముంది. సొమెయ్ యొషినొ రకం చెట్లన్నీ అంటుకట్టి పెంచినవే, అన్నిటిదీ ఒకే వంశం, అందుకే ఒకే తీరు వాతావరణంలో దాదాపు కలిసి పూస్తాయి. ఫిబ్రవరి 1 నుంచి ప్రతిరోజూ గరిష్ఠ ఉష్ణోగ్రత కూడుకుంటూ పోతే 600 దగ్గర పూస్తుందని ఇక్కడ ఒక మోటు లెక్క కూడా ఉంది. నా కార్డు మీద ‘సకురా తొలిసారి విచ్చుతుంది’ 25న మొదలు. చెట్టు ఒక్క రోజు ముందు వచ్చింది. 2020, 2021, 2023లో అయితే మార్చి 14కే పూసేసింది. ఆ ఏళ్లలో ఈ కార్డు పది రోజులకు పైగా వెనకబడేది.

ఇవాళ పూర్తిగా పూసిందని ప్రకటన వచ్చింది. ఇవాళే విశ్వావసు నామ సంవత్సర ఉగాది. మనది చంద్రుణ్ణి పట్టుకున్న పండుగ, ఏటా తేదీ మారుతుంది. ఈ రెండూ ఒకేరోజు కలవడం మళ్లీ ఎప్పుడో. పొద్దున నాన్న పంపిన ఎండు వేపపువ్వుతో పచ్చడి చేసి, గిన్నె మూతపెట్టి షిన్‌కవా కాలవ గట్టుకి తీసుకెళ్లాం. రెండు గట్లా పూసిన చెట్లు. చలిగా ఉంది. పూలవేళ మళ్లీ తిరగబెట్టే ఈ చలికి ‘హనబియె’ అని పేరు కూడా ఉంది. కింది ఇంటి పెద్దావిడ అక్కడే కనిపిస్తే ఒక చెంచా పెట్టాను. నాలుక మీద చేదు తగలగానే కళ్లు మూసుకుని, “ఫుకినొతో” అంది. మంచు కింద నుంచి మొదట వచ్చే చేదు మొగ్గ అది, వాళ్లు తొలి వసంతంలో టెంపురా చేసుకుని తింటారు. చలికాలం ఒంట్లో పేరుకున్నది ఆ చేదుతో కడుక్కోవాలి అంటారట. మా అమ్మమ్మ వేపపువ్వు గురించి చెప్పింది కూడా దాదాపు అదే.

ఏప్రిల్ 6, ఆదివారం

రెండు తేదీలు ఒకేసారి. పిచ్చుక గూడు కట్టే కో మార్చి 20 నుంచి 24. నేను చూసింది ఇవాళ: కరెంటు స్తంభం మీద అడ్డంగా ఉన్న బోలు ఇనుప గొట్టంలోకి ఎండుగడ్డి పరక మోసుకెళ్తోంది. వానకోవెల కో 4న మొదలైంది, అదీ ఇవాళే. స్టేషన్ దగ్గర ఒక కొట్టు చూరు కింద పాత గూడు ఉంది. దాని కింద కొట్టువాళ్లు అట్టపెట్టె ముక్క కట్టారు, రెట్ట జనం మీద పడకుండా. వానకోవెల గూడు కడితే ఇంటికి మంచిదని ఇక్కడి నమ్మకం. రెండు వానకోవెలలు తీగ మీద కూర్చుని గూటి వైపు చూస్తున్నాయి.

ఉగుయిసు తొలిపాట మార్చి 9నే దొరికింది, రాయడం మర్చిపోయాను. పార్కులోనే. “హో... కె... కె” అని ఆగిపోయింది. ‘హో హొకెక్యో’ అని పూర్తి పాట రావడానికి అది సాధన చేయాలి. అలాంటి సగం పాటకి ‘గుజెరి’ అని పేరు. సగం పాటకే తేదీ వేశాను.

ఏప్రిల్ 27, ఆదివారం

‘మంచు ఆగి నారు పెరుగుతుంది.’ తెలుగులో ఒక్క నిమిషం కూడా పట్టని కార్డు. నారు, నారుమడి, నాట్లు, అన్నీ మనవే. నాన్నకి నారుమళ్ల ఫోటోలు పంపాను. రైల్లో చీబా వైపు వెళ్తూ తీసినవి, ప్లాస్టిక్ ట్రేల్లో చాపల్లా పెరిగిన నారు. ఆయన దగ్గర ఇప్పుడు దాళ్వా కోతలు. “మీకు నారు, మాకు కుప్పలు” అన్నారు.

రెల్లు మొలకలు 20వ తేదీనే చూశాం, సరిగ్గా కో మొదలైన రోజున, పార్కు చిత్తడిలో. ఎండిపోయిన నిరుటి కాడల మధ్య ఎర్రటి మొనలు, పెన్సిల్ చెక్కినట్టు. 18లో పంచాంగమూ నా కళ్లూ మొదటి రోజే కలిసింది ఈ ఒక్క కార్డు దగ్గరే.

మే 5, సోమవారం, సెలవు

మధ్యాహ్నం 2:57కి సూర్యుడు 45 డిగ్రీలు దాటాడు. రిక్క, వేసవి మొదలు. మే 1న రిష్షున్ నుంచి 88వ రాత్రి కూడా అయిపోయింది. తేయాకు కోతకీ, ఆఖరి మంచుకీ గుర్తు ఆ రోజు.

తాడు మీద 18 కార్డులూ ఉన్నాయి. పెన్సిల్ తేదీలు పన్నెండు. ఖాళీ ఆరు. ఇంద్రధనుస్సు ఖాళీ, ఉత్తరానికి వెళ్లే బాతులు ఖాళీ, మంచుతెర కూడా ఖాళీనే. ఫిబ్రవరి ఆఖర్న దూరం మసగ్గా ఉన్నది తెరో, దేవదారు పుప్పొడో నాకు తేలలేదు. మొదటి కార్డు, గాలి మంచును కరిగించేది, దానికి ఫిబ్రవరి 28 వేశాను. ఆ రోజు పొద్దున బకెట్‌లో పలచటి పెంకులాంటి మంచు ఉంది, పది గంటలకి చూస్తే లేదు. దక్షిణపు గాలి వీస్తోంది.

వేసవి తొలి కో ‘కప్ప తొలిసారి అరుస్తుంది’. బాబు ఆ కార్డు తనే రాస్తానన్నాడు. ‘ప్ప’ రాయడానికి నాలుగు కాగితాలు పట్టాయి.

రాత్రి నాన్న ఫోన్ చేసి రోహిణి ఈ నెల 25న వస్తుందన్నారు. తర్వాత మృగశిర, ఆరుద్ర, పునర్వసు, ఒక్కోదాని కింద ఏం చల్లాలో, ఏ పురుగు లేస్తుందో, ఏ గాలి తిరుగుతుందో చెప్పుకుంటూ పోయారు. రోహిణికి రోళ్లు పగులుతాయి, మృగశిరకి ముంగిళ్లు చల్లబడతాయి. అవి కూడా క్రియలే. నేను ఆపకుండా రాసుకున్నాను. ఇరవై ఏడు కార్డులకి దోసా పూసి బాల్కనీలో తగిలించాను. పొద్దుటికి ఆరతాయి.